నలభై ఏళ్ల ఎండా మబ్బుల లెక్క, పైసా ఖర్చు లేకుండా: నాసా పవర్ సైట్ మీద శ్రీకాకుళం నుంచి ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కొనాల్సిన వస్తువు కాదు, ప్లే స్టోర్‌లో దొరికే యాప్ కూడా కాదు. నాసా వాళ్లు నడిపే ఉచిత సర్వీసు, పేరు పవర్. బ్రౌజర్‌లో తెరిచి మన ఊరి అక్షాంశం, రేఖాంశం కొడితే ఆ చోట రోజుకి ఎంత ఎండ పడిందో 1984 జనవరి నుంచి మొన్నమొన్నటి దాకా లెక్క తీసి ఫైల్ చేతిలో పెడుతుంది. మబ్బు శాతం, ఉష్ణోగ్రత, వాన, గాలి, తేమ కూడా అడగొచ్చు. లాగిన్ లేదు, ఓటీపీ లేదు, డబ్బు అసలే లేదు. నేను 5కి 4 ఇస్తాను. ఆ ఒక్క మార్కూ సైట్ మీద కోపంతో తగ్గించలేదు. దీన్ని చూసి "మా జిల్లాలో మబ్బులు ఇంత పెరిగాయి, అంత తగ్గాయి" అని ఎవరైనా పది నిమిషాల్లో గ్రాఫ్ గీసి వాట్సాప్‌లో తిప్పేయొచ్చు, ఆ గ్రాఫ్ తప్పు అవడానికి చాలా అవకాశం ఉంది, ఆ సంగతి సైట్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసి ఉండదు. అందుకు తగ్గించాను.

నాకు దీనితో పని ఎందుకు పడిందంటే, ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద, 78 వేలు సబ్సిడీ వచ్చేది. కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్లు అని అందరూ చెప్పే లెక్కే మాకూ చెప్పారు. ఎండాకాలం బాగానే వచ్చింది. రెండో ఏడు వర్షాకాలంలో మాత్రం యూనిట్లు మరీ అడుక్కి పోయాయి, మొదటి ఏడు వర్షాకాలంతో పోల్చి చూసినా తక్కువే. పెట్టినవాళ్లకి ఫోన్ చేస్తే (పేరెందుకు లెండి) "మబ్బులు ఎక్కువైపోయాయి సార్, క్లైమేట్ మారిపోయింది కదా, మేమేం చేస్తాం" అన్నారు. ఈ మధ్య ఏది పాడైనా క్లైమేట్ మీదకి తోసేయడం ఒక పద్ధతి అయిపోయింది, అది వేరే సంగతి.

మా మావయ్యది కాశీబుగ్గలో జీడిపిక్కల వ్యాపారం. కళ్లంలో పిక్కలు ఎండబెడుతూ ఆకాశం వైపు చూస్తూ బతికిన మనిషి. ఆయన్ని అడిగితే పూర్తిగా తిరగేసి చెప్పాడు. "ఇప్పుడొచ్చేది ముసురేటి అల్లుడూ? మా కాలంలో ముసురు పట్టిందంటే వారం రోజులు సూర్యుడు కనబడీవోడు కాదు. ఇప్పుడు గంటసేపు కుమ్మేసి పోతంది, ఎనకే ఎండ." సోలార్ వాళ్లేమో పెరిగాయంటారు, మావయ్యేమో తగ్గాయంటాడు. ఇద్దరిలో ఎవరికీ కాగితం మీద లెక్క లేదు. అలా వెతుక్కుంటూ ఈ సైట్‌కి వచ్చాను.

వాడటం కష్టమేమీ కాదు. డేటా యాక్సెస్ వ్యూయర్ అని ఒక మ్యాప్ తెరుచుకుంటుంది. పక్కనున్న ఫారంలో ముందు మనం ఏ బాపతో ఎంచుకోమంటుంది, సౌరశక్తివాళ్లా, భవనాలు కట్టేవాళ్లా, వ్యవసాయంవాళ్లా అని. దాన్నిబట్టి కొలమానాలు మారతాయి, సౌరశక్తి అంటే చదరపు మీటరుకి కిలోవాట్ అవర్లలో ఇస్తుంది, వ్యవసాయం అంటే మెగాజౌల్స్‌లో ఇస్తుంది. ఇది చూసుకోకుండా రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టారంటే ఒకదానికి మూడున్నర రెట్లు ఎక్కువ ఎండ కనబడి కంగారు పడతారు. తర్వాత గంటలవారీనా, రోజువారీనా, నెలవారీనా అని, తేదీలు, ఏ ఫార్మాట్ కావాలి, ఏ ఏ కాలమ్‌లు కావాలి. సీఎస్‌వీ తీసుకుంటే ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. పైన కొన్ని వరసలు వివరాల రాత ఉంటుంది, అది తీసేయాలి. డేటా లేని చోట -999 అని ఉంటుంది, దాన్ని కూడా తీసేయాలి, లేకపోతే సగటు వేసినప్పుడు శ్రీకాకుళంలో సూర్యుడు మైనస్‌లోకి పోతాడు. గంటలవారీ డేటాకి మాత్రం యూటీసీ (అంటే గ్రీన్‌విచ్ టైము) ఎంచుకుని మనమే అయిదున్నర గంటలు కలుపుకోవడం మేలు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని దరఖాస్తు నింపగలిగిన ఎవరికైనా ఇది వస్తుంది. తెలుగు లేదు. ఉంటుందని అనుకోను కూడా.

ఇప్పుడు అసలు సంగతి. మొదట శ్రీకాకుళం తీశాను, తర్వాత పెద్దక్కయ్య వాళ్లుండే విజయనగరం తీశాను. ఎండ కాలమ్‌లో రెండూ ఒక్కటే. దగ్గర దగ్గరగా ఉండటం కాదు, రోజు రోజుకీ దశాంశాలతో సహా అచ్చు అదే అంకె. ఎందుకంటే ఎండ, మబ్బు డేటా ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ఉన్న గడుల్లో ఉంటుంది, అంటే ఒక్కో గడి సుమారు 110 కిలోమీటర్లు. ఉత్తరానికి 18 నుంచి 19, తూర్పుకి 83 నుంచి 84, ఈ ఒక్క గడిలోనే శ్రీకాకుళం, విజయనగరం, ఆమదాలవలస, పార్వతీపురం, సాలూరు అన్నీ పడిపోయాయి. మూల మీద భోగాపురం దాటాక కొంచెం సముద్రం కూడా వస్తుంది. కళింగపట్నం, టెక్కలి, పలాస పక్క గడిలో ఉన్నాయి, అంటే మావయ్య కళ్లం నా డాబా కంటే వేరే లెక్క కిందకి వస్తుంది. (ఉష్ణోగ్రత, వాన కాలమ్‌లు వేరే పద్ధతిలో, అర డిగ్రీ గడుల్లో వస్తాయి, అవి కొంచెం మెరుగు.)

ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు, మే నెల మధ్యాహ్నం సాలూరు కొండల మీద మబ్బు గుమ్మడికాయల్లా లేచి సాయంత్రానికి ఉరుములతో దిగుతుంది, అదే సమయంలో శ్రీకాకుళం దగ్గర ఆకాశం నున్నగా ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి సగటు తీసి "50 శాతం మబ్బు" అంటే అది సాలూరు మబ్బూ కాదు, శ్రీకాకుళం మబ్బూ కాదు. జిల్లా మొత్తానికి ఈ సీజన్ ఎలా గడిచిందో చెప్పడానికి పనికొస్తుంది. మీ వీధికి పనికిరాదు.

నా సోలార్ గొడవకి మాత్రం ఇది బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఎండకి సంబంధించి మూడు కాలమ్‌లు కలిపి తీసుకోండి, ఈ రివ్యూలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి. ఒకటి, వాతావరణం పైపొర దగ్గర పడే ఎండ. రెండోది క్లియర్ స్కై, అంటే మబ్బు అన్నదే లేకపోతే నేల మీద ఎంత పడేదో ఆ లెక్క. మూడోది ఆల్ స్కై, నిజంగా పడింది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య తేడా గాలీ, అందులో ఉన్న దుమ్ము, పొగ, తేమ తినేసింది. రెండోదానికీ మూడోదానికీ మధ్య తేడా మబ్బు తినేసింది. మూడోదాన్ని రెండోదానితో భాగించి చూస్తే మబ్బు పని ఒక్కటే విడిగా కనబడుతుంది. మబ్బు శాతం కాలమ్ కంటే నాకు ఇదే నమ్మకం, ఎందుకంటే శాతం అంటే ఆకాశంలో ఎంత మేర కప్పిందనే గానీ ఎంత దళసరిగా కప్పిందని కాదు. పల్చటి తెల్లమబ్బు ఆకాశమంతా పరుచుకున్న రోజు 90 శాతం అని చూపిస్తుంది, ప్యానెల్ మాత్రం మంచి యూనిట్లే ఇస్తుంది. సగం ఆకాశమే కప్పినా నల్లటి ముద్దమబ్బు అయితే ఆ రోజు పోయినట్టే.

మామూలుగా మన గడిలో ఏప్రిల్‌లో రోజుకి చదరపు మీటరుకి ఆరు యూనిట్ల చుట్టుపక్కల ఎండ పడుతుంది, జూలై ఆగస్టుల్లో అది నాలుగు చుట్టుపక్కలకి దిగుతుంది. కాబట్టి వర్షాకాలంలో మూడో వంతు తగ్గడం మామూలే, దానికి ఎవరినీ తిట్టక్కర్లేదు. నేను రెండు వర్షాకాలాల భాగహారం పక్కపక్కన పెట్టాను. పెద్ద తేడా లేదు. మబ్బులు ఆ రెండేళ్లూ దాదాపు ఒకేలా తిన్నాయి, నా యూనిట్లు మాత్రం ఒక ఏడు బాగానే వచ్చి మరో ఏడు పడిపోయాయి. ఆ షీట్ పంపించి మళ్లీ ఫోన్ చేస్తే అప్పుడు మనిషి వచ్చాడు. డాబా మీద ఒక కనెక్టర్‌లోకి వాన నీళ్లు దిగుతున్నాయి. తడిసిన పొద్దున ఇన్వర్టర్ ఇన్సులేషన్ ఫాల్ట్ అని చూపించి ఆన్ అవకుండా ఆగిపోయేది, ఎండ తగిలి ఆరాక పదింటికో పదకొండింటికో మొదలయ్యేది. చూసేవాడికి మబ్బు వల్ల తగ్గినట్టే ఉంటుంది, ఎందుకంటే వాన పడిన రోజే వస్తుంది ఈ రోగం. ఇన్వర్టర్ యాప్‌లో పొద్దుటి గంటల గ్రాఫ్ విడిగా తెరిస్తే తెలిసిపోతుంది, మబ్బు రోజున గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఫాల్ట్ రోజున సున్నా దగ్గర చదునుగా పడుకుని ఒక్కసారి లేస్తుంది. సోలార్ ఉన్నవాళ్లు ఒకసారి చూసుకోండి.

ఇంతటితో ఆగి ఉంటే 5కి 5 ఇచ్చేవాణ్ణి. కానీ మావయ్య మాట మిగిలిపోయింది కదా, నలభై ఏళ్లలో ముసురు తగ్గిందా అని.

దానికి ముందు సరదాగా ఇంకో పరీక్ష పెట్టాను. అరసవల్లి. ఏటా మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబరు 1, 2 తేదీల్లో పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల్ని తాకుతాయని జనం తెల్లవారకముందే క్యూ కడతారు. కొన్నేళ్లు మబ్బు అడ్డొచ్చి కిరణాలు పడక నిరాశగా తిరిగొస్తారు. మబ్బు గురించి ఈ జిల్లా మొత్తం ఒకేసారి తలెత్తి చూసే రోజులు ఇవే. అన్నేళ్ల ఆ తేదీలు ఫైల్‌లోంచి ఏరితే మార్చి జత ఎక్కువగా తేటగా, అక్టోబరు జత ఎక్కువగా మబ్బుగా కనబడుతుంది. ఇది ఎవరికైనా తెలిసిందే, అక్టోబరు మొదటికి రుతుపవనాలు ఇంకా పూర్తిగా పోవు, బంగాళాఖాతంలో అల్పపీడనాల సీజన్ కూడా అప్పుడే. 2021లో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది సెప్టెంబరు 26న, 2018లో తిత్లీ పలాస వైపు విరుచుకుపడింది అక్టోబరు 11న, ఆ తేదీల దగ్గర ఎండ కాలమ్ చూస్తే గొయ్యిలో పడినట్టు ఉంటుంది. ఆ రకంగా ఫైల్ నిజాయితీగానే ఉంది.

కానీ "ఈ ఏడు పాదాల మీద కిరణం పడిందా" అని అడిగితే ఫైల్ చెప్పలేదు. గుళ్లో పడేది కొన్ని నిమిషాలు, తూర్పున సముద్రం మీద కిందగా ఉన్న ఒక్క మబ్బు చాలు ఆపేయడానికి. ఫైల్ చెప్పేది 110 కిలోమీటర్ల గడికి సగటు. గంటలవారీ డేటా తీసినా గడి గడే. ఆ ఒక్క ప్రశ్నకి పాత దినపత్రికల జిల్లా పేజీలు నాసా కంటే నయం. నవ్వులాటకి అనట్లేదు, ఎవరైనా ఓపికున్న కుర్రాళ్లు లైబ్రరీలో కూర్చుని ఏటా ఆ నాలుగు రోజులు కిరణాలు పడ్డాయా లేదా అన్నది ఏరి రాస్తే చక్కటి రికార్డు అవుతుంది. ఏడాదికి నాలుగు రోజులతో వాతావరణ మార్పు తేల్చలేం గానీ, చూసే చోటు మారలేదు, చూసే వేళ మారలేదు. శాటిలైట్ రికార్డుకి లేని గుణం అదే.

ఈ సంగతి విడిగా చెప్పాలి. 1984 నుంచి ఇప్పటిదాకా ఎండ డేటా ఒకే తీగలా కనబడుతుంది కానీ అది రెండు ముక్కల అతుకు. 2000 చివరి దాకా ఒక ప్రాజెక్టు లెక్క, 2001 జనవరి నుంచి సీరీస్ (CERES) అనే వేరే శాటిలైట్ పరికరాల లెక్క. కెమెరా మారింది, లెక్కకట్టే పద్ధతి మారింది. ఆ అతుకు మీదుగా ఎక్సెల్‌లో ట్రెండ్ గీత లాగితే గీత ఏదో ఒక వైపు వంగుతుంది. మన గడికి ఎటు వంగిందో ఇక్కడ చెప్పను, చెబితే రేపు దాన్నే స్క్రీన్‌షాట్ తీసి తిప్పుతారు.

మన వైపు ఆకాశానికి ఇంకో తిరకాసు ఉంది. ప్రపంచ మబ్బుల్ని శాటిలైట్లతో పద్ధతిగా లెక్కించే అంతర్జాతీయ ప్రాజెక్టు, ఐఎస్‌సీసీపీ, 1983 జూలై నుంచి డేటా పోగుచేసింది. అమెరికా మీద, యూరప్ ఆఫ్రికాల మీద, జపాన్ మీద ఎప్పుడూ కదలకుండా నిలబడి చూసే శాటిలైట్లు వాళ్లకి మొదటి నుంచీ దొరికాయి. హిందూ మహాసముద్రం మీద మాత్రం చాలాకాలం ఖాళీ. మన ఇన్సాట్ డేటా వాళ్లకి అందింది మధ్యలో కొద్దికాలమే. 1998లో యూరప్ వాళ్లు మెటియోశాట్-5ని 63 డిగ్రీల తూర్పుకి జరిపాకే ఆ ఖాళీ నిండింది. అంతకు ముందు మన మీద రోజుకి కొన్నిసార్లు దాటిపోయే ధ్రువ శాటిలైట్లే దిక్కు. ఆ తర్వాత కూడా అది అక్కడే ఉండిపోలేదు, తర్వాత వచ్చినవి వేరే వేరే చోట్ల నిలబడ్డాయి, 2017లో మెటియోశాట్-8 అయితే 41.5 డిగ్రీల దగ్గర. మనం ఉన్నది 84 దగ్గర. అంటే మనల్ని మరీ ఏటవాలుగా చూసేది. ఏటవాలుగా చూస్తే మబ్బుల మధ్య సందులు కనబడవు, పక్కలు కూడా మబ్బుగానే లెక్కలోకి వస్తాయి, మబ్బు శాతం పెరిగినట్టు అనిపిస్తుంది. ఆకాశం మారలేదు, చూసేవాడు పక్కకి జరిగాడు. శాస్త్రవేత్తలు దీనికి సవరణలు చేస్తారు, అది వాళ్ల పని. నాలాంటివాడు ఎక్సెల్‌లో గీసిన గీతకి ఆ సవరణలేవీ ఉండవు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఐఎస్‌సీసీపీ డేటాలోనే ప్రపంచం మొత్తం మీద మబ్బులు ఏళ్ల తరబడి తగ్గుతున్నట్టు కనబడితే, అందులో పెద్ద భాగం శాటిలైట్లు చూసే కోణం మారడం వల్ల వచ్చిన భ్రమ అని 2007లో పరిశోధకులు చూపించారు. తర్వాత 2016లో ఇలాంటి తప్పులన్నీ వడకట్టి మళ్లీ చూస్తే, మొత్తం శాతం కంటే మబ్బులు చోటు మారడం స్పష్టంగా కనబడింది. తుపాను మార్గాల మబ్బులు ధ్రువాల వైపు జరిగాయి, ఉపఉష్ణమండలపు పొడి ప్రాంతాలు విస్తరించాయి, ఎత్తైన మబ్బుల తలలు ఇంకా పైకి లేచాయి. అందుకే "మబ్బు ఎంత" అని ఒక్క అంకె అడగడం సరైన ప్రశ్న కాదని నాకనిపిస్తోంది. ఏ రకం, ఏ ఎత్తున, ఏ వేళ, అవి అడగాలి.

ఎందుకంటే అన్ని మబ్బులూ ఒకే పని చేయవు. కింద దళసరిగా ఉండే మబ్బు ఎండని వెనక్కి కొట్టి చల్లబరుస్తుంది. బాగా పైన ఉండే పల్చటి మబ్బు ఎండని రానిచ్చి నేల వేడిని మాత్రం పోనివ్వదు. రాత్రి ఏ మబ్బైనా అంతే, ఆగస్టు రాత్రి ఫ్యాన్ కింద కూడా ఉక్కపోసేది సగం అందుకే. ప్రపంచం మొత్తానికి చూస్తే ఏ క్షణాన్నైనా భూమిలో మూడింట రెండొంతులు మబ్బు కిందే ఉంటుంది, నికరంగా వాటి పని చల్లబరచడమే. కానీ భూమి వేడెక్కే కొద్దీ ఆ చల్లబరిచే పని కొంత తగ్గి వేడి ఇంకాస్త పెరిగే అవకాశమే ఎక్కువని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ 2021 నివేదిక తేల్చింది. 2023 అంత వేడిగా ఎందుకు పోయిందని వెతికిన ఒక పరిశోధన, 2024 డిసెంబరులో వచ్చింది, ఆ ఏడు కింది మబ్బులు తగ్గి భూమి వెనక్కి పంపే వెలుగు రికార్డు స్థాయికి పడిపోవడం ఒక కారణం కావచ్చంది. వాతావరణాన్ని గమనించడానికి తప్పనిసరి అని అంతర్జాతీయంగా పెట్టుకున్న అంశాల జాబితాలో మబ్బుల లక్షణాలు కూడా ఉన్నాయి. కాబట్టి మబ్బు మంచి సూచికే. కొలవడమే తలనొప్పి.

ఇంక మన దగ్గర మనుషులు చూసి రాసిన రికార్డు ఉంది. వాతావరణ శాఖ 1875 నుంచి ఉంది, కళింగపట్నంలో వాళ్ల కేంద్రం ఉంది. పాత పద్ధతిలో పరిశీలకుడు బయటికొచ్చి ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకుని ఎన్ని భాగాలు కప్పిందో రాస్తాడు. కొన్ని పెద్ద కేంద్రాల్లో గాజు గోళం కూడా ఉంటుంది, దాని గుండా పడిన ఎండ వెనకున్న కార్డుని కాల్చుకుంటూ పోతుంది, సాయంత్రం కాలిన గీత పొడవు కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలుస్తుంది. 19వ శతాబ్దపు పరికరం, కరెంటు అక్కర్లేదు, నాకైతే చాలా ముచ్చటగా అనిపిస్తుంది. దేశంలో 20 కేంద్రాల్లో 1988 నుంచి 2018 దాకా ఎండ కాసిన గంటల్ని పోల్చిన పరిశోధన 2025లో వచ్చింది. తూర్పు తీరంతో సహా చాలా ప్రాంతాల్లో ఆ గంటలు తగ్గుతూ వచ్చాయని తేలింది. కారణం మబ్బులు, గాలిలోని సూక్ష్మ ధూళి రెండూ అన్నారు.

అంటే చూడండి, ఎండ తగ్గిందంటే మబ్బే పెరగనక్కర్లేదు, పొగ పెరిగినా చాలు. మావయ్య చెప్పే వారం రోజుల ముసురు నిజంగానే తగ్గి, ఎండ కూడా మసకబారి ఉండొచ్చు. ముసురు అంటే ఎడతెగకుండా ఉండటం, అది సగటు మబ్బు శాతంలో కనబడదు. నెలలో వరసగా ఎన్ని రోజులు భాగహారం సగానికి దిగువన ఉందో లెక్కపెడితే ముసురుకి దగ్గరగా వస్తుంది. అతుకు తప్పించుకోవడానికి నేను 2001 తర్వాతి భాగమే తీసుకుని ఆ లెక్క వేసి మావయ్యకి చూపించాను. ఆయన చూసి "ఇది నీ గడిది కదా, మాది కాదు కదా" అన్నాడు. పక్క గడికి మళ్లీ తీశాను. ఒక ఏటికీ ఇంకో ఏటికీ మధ్య ఊగిసలాట ఎంత ఉందంటే, ఎల్‌నినో ఏడు ఒకలా, అల్పపీడనాలు వరసకట్టిన ఏడు ఒకలా, పాతికేళ్లు కూడా ఆయన్ని గెలిపించడానికి గానీ ఓడించడానికి గానీ చాలవు. పైగా ఆయన "మా కాలం" అనేది 1970లు, అప్పటికి ఈ డేటా పుట్టనే లేదు. "అయితే నీ నాసా ఏటి చెప్పినట్టు?" అన్నాడు. సమాధానం నా దగ్గర లేదు, టీ తాగేసి వచ్చేశాను.

వేరే సర్వీసులతో పోలిస్తే ఎలా ఉందంటారా. ఫోటోలు కావాలంటే నాసాదే వరల్డ్‌వ్యూ ఉంది, 2000 నుంచి రోజువారీ ఫోటోలు, తిత్లీ రోజు ఎలా ఉందో చూడాలంటే అది తెరవండి, ఒళ్లు జలదరిస్తుంది. కానీ అందులో టెర్రా అనే శాటిలైట్ ఫోటో చాలా ఏళ్లు పొద్దున పదిన్నర ప్రాంతంలో తీసింది, కొండల మీద మధ్యాహ్నం లేచే మబ్బు అందులో ఇంకా పుట్టి ఉండదు. మన ఇస్రో మోస్‌డాక్‌లో ఇన్సాట్ డేటా దొరుకుతుంది, మన దేశాన్ని నెత్తి మీద నుంచి చూసే శాటిలైట్లు కాబట్టి కోణం బాగుంటుంది, ఫైళ్లు దించుకోవాలంటే రిజిస్టర్ అవ్వాలి, మామూలు మనిషికి తెరవడం కష్టం. రేపు వాన పడుతుందా, కళ్లంలో పిక్కలు ఆరబోయాలా వద్దా అంటే ఇవేవీ వద్దు, వాతావరణ శాఖ మౌసమ్ యాప్ చూసుకోండి. పవర్ గడిచిపోయిన దాని గురించే చెబుతుంది, రేపటి మాట దానికి తెలియదు.

సోలార్ పెట్టించబోయేవాళ్లు తప్పకుండా వాడండి. "రోజుకి ఇన్ని యూనిట్లు గ్యారంటీ" అని ఎవరైనా అంటే మన గడికి నెలవారీ సగటు తీసి పక్కన పెట్టండి, అక్కడే బేరం మారుతుంది. ఒక చిన్న సంగతి, మే నెలలో ఎండ ఎక్కువ కదా యూనిట్లు కూడా అప్పుడే ఎక్కువనుకోకండి, ప్యానెల్ వేడెక్కే కొద్దీ ఒక్కో డిగ్రీకి అర శాతం లోపు తగ్గుతూ పోతుంది, మార్చి చాలాసార్లు మే కంటే మెరుగ్గా ఇస్తుంది. ఎండు చేపలవాళ్లు, జీడివాళ్లు, ధాన్యం ఆరబెట్టేవాళ్లు డ్రయ్యర్ కొనాలా వద్దా అని ఆలోచిస్తుంటే వాళ్లకి కూడా పనికొస్తుంది, ఏ నెలలో వరసగా ఎన్ని మబ్బు రోజులు వస్తుంటాయో పాత లెక్క చూసుకోవచ్చు. స్కూలు పిల్లలకి ప్రాజెక్టుగా ఇవ్వదగ్గది, అయితే పిల్లల చేత 2000 ముందూ వెనకా కలిపి గీత గీయించకండి మాస్టారూ.

చివర్లో ఒక జాగ్రత్త. మొన్నటి వారాల అంకెలు త్వరగా అందించడం కోసం వేసిన తాత్కాలిక లెక్క, ఆఖరి కొద్ది రోజులు అయితే -999 గానే ఉంటాయి. కొన్ని నెలల తర్వాత అసలు లెక్క వచ్చి ఆ తాత్కాలిక అంకెల స్థానంలో కూర్చుంటుంది, అంకెలు కొంచెం మారతాయి కూడా. కాబట్టి ఈ ఏటి వర్షాకాలం గురించి సోలార్ వాళ్లతో గొడవ పెట్టుకోవాలంటే వేసవి దాకా ఆగి, ఫైల్ మళ్లీ దించుకుని, అప్పుడు ఫోన్ చేయండి.